చిత్రకథా సంరక్షణము

తాళపత్ర ప్రతులను సంపాదించి, పాఠభేదములు చూపి, పరిష్కరించి ప్రకటించుట మనకు పరిచితమైన పని. వారపత్రికలలో వెలువడిన బొమ్మలకథల విషయమున నీ శ్రద్ధ యింకను కలుగలేదు. అవి బాలుర వినోదమునకే యని తలచుట యిందులకు కారణము. నేనును చిరకాల మట్లే తలచితిని.

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి కుమారులు సుబ్బరాయశాస్త్రిగారు బుజ్జాయి యను పేర ప్రసిద్ధులు. వీరి 'డుంబు' వారపత్రికలో వెలువడినది. 1960ల నాట ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రమును వీరు బొమ్మలకథగా నడపిరి. వందల యేండ్లు ఆకులమీద నిలిచిన పంచతంత్రము, ఈ రూపమున, అరువదియేండ్లకే పొడియగు కాగితమును నమ్ముకొన్నది!

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలెనని శాస్త్రము. బొమ్మలకథయందు ఒక గడి తరువాతి గడి నాకాంక్షించును. బుడగలోని మాటకు ఆ ముఖవికారముతోడనే యోగ్యత. మాటలు మాత్రము ఎత్తి వ్రాసికొన్నచో క్రియలేని వాక్యమువలె నుండును. కావున లేఖకుడు గ్రంథమునకు ప్రతి వ్రాసినట్లు దీనికి వ్రాయ వీలులేదు. కత్తిరించి పుస్తకమున అంటించువారు తేదీని విడిచిపెట్టుదురు. దానితో సన్నిధియు పోవును. అట్టి పుస్తక మొకటి నాచేత బడినది. ఏది ముందో, ఏది వెనుకో తేల్చుటకు రెండు దినములు కూర్చుండి విఫలుడనైతిని.

కాగితము సంగతి వేరు. వార్తాపత్రికల కాగితము చాలవరకు యంత్రమున నూరిన కట్టెగుజ్జు. అందలి లిగ్నిన్ అను ద్రవ్యము వెలుతురును గాలియు తగిలి పసుపెక్కును. ఆమ్లము పుట్టి పుట పెళుసగును. మన సముద్రతీరపు తేమ, చెదలు తక్కిన పని చేయును.

అమెరికాలో గ్రంథాలయములు పత్రికలకు సూక్ష్మచిత్రములు తీయించి మూలసంపుటములను పారవైచినవి. ఆ చిత్రములు నలుపు తెలుపులు. ఆదివారపు బొమ్మలకథల రంగు లందు నిలువలేదు. బిల్ బ్లాక్‌బియర్డ్ అను నతడు 1968లో సంస్థ స్థాపించి అట్టి సంపుటములను చేరదీసెను. ఆ రాశి తుదకు ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయము చేరినది. పరిష్కర్త లేని గ్రంథమునకు ఆయన పరిష్కర్తయని నా యభిప్రాయము.

మన సీమయందు ఇట్టి పూనిక లేకపోలేదు. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, 2021లో దివంగతులగువరకు దానిని పోషించిరి. వారు వెదకినది కథలనే. అయినను కథ కొరకు సంచిక మొత్తము దాచినచో ప్రక్కపుటలోని బొమ్మయు దక్కును. కథను మాత్రము చించి దాచిన నిది కలుగదు.

విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల పాఠశాలలలో పాత సంపుటములు అటకలపై నుండవచ్చును. పండితులు వానిని తూకమునకు అమ్మనీయక మునుపు పుటలు త్రిప్పిచూడవలయును. బొమ్మలకథ కనబడినచో కత్తిరింపక, తేదీ కనబడునట్లు పూర్తిపుటను రంగులతో ఛాయాచిత్రము తీయించి, మూలసంచికను పొడిచోట పరుండబెట్టి దాచవలయును. జిల్దుగట్టువాడు అంచులు కోయకుండ ముందే చెప్పవలెను. చాలచోట్ల తేదీ ఆ యంచుననే యుండును.