గోదావరిపై పడవ జాడ

మంథని యొద్ద గోదావరి గట్టున నిలిచి చూచువారికి పడవ కొంతసేపు కనబడును. నది వంపు తిరిగిన పిమ్మట కనబడదు. కనబడని పడవ యెచ్చట నున్నది? అందెంతమంది యున్నారు? ఈ రెండు ప్రశ్నలకు ఒడ్డుననున్నవారు ఉత్తరము తెలిసికొను విధమును మేమీ వ్యాసమున వివరింపబూనితిమి.

ఇవి ఉబుసుపోకకు వేయు ప్రశ్నలు కావు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఈ గోదావరి మీదనే, మిక్కిలి దిగువను, దేవీపట్నము ప్రాంతపు కచ్చులూరు నొద్ద, పాపికొండలకు యాత్రికులను గొనిపోవుచుండిన లాంచి వరదలో మునిగెను. సమీప గ్రామస్థులు తమ పడవలలో పోయి పలువురిని రక్షించిరి. లాంచిలో అరువదిమందికి పైగా నుండిరని మొదట వినవచ్చెను. విచారించినకొలది సంఖ్య పెరిగి తుదకు 77 అని తేలెను. బ్రదికినవారు 26 మంది మాత్రమే. లాంచిని వెలికిదీయుట అక్టోబరు 22వ తేదీకి గాని సాధ్యము కాలేదు.

మొదటి ప్రశ్నకు యంత్రము ఉత్తరము చెప్పగలదు. పడవలోని చిన్నయంత్రము కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి తన స్థానమును లెక్కకట్టును. రేడియో తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. కావున సెకనులో పదిలక్షలవ వంతు పొరపడినను దూరములో 300 మీటర్లు తప్పును. అయినను పడవకు తన చోటు తెలిసినంతమాత్రమున ఒడ్డువారికి తెలియదు. అందులకు ఏ.ఐ.ఎస్. అను మఱియొక సాధనము కలదు. అది పడవ పేరును, స్థానమును, వేగమును, దిక్కును రేడియోద్వారా తనంతట తానే చాటుచుండును. చిన్నపడవలకు తగిన రకము పడవ సాగుచుండగా 30 సెకనులకొకసారియు, నిలిచియుండగా 3 నిమిషములకొకసారియు సంకేతము పంపును. ఐరోపాలోని రైను నదిపై 2014 డిసెంబరు 1వ తేదీనుండి దీనిని నిర్బంధము చేసిరి.

అయితే ఈ తరంగములు ఇంచుమించు తిన్నగా పోవునవి. పాపికొండలవంటి యిరుకుదారిలో కొండలు వానిని అడ్డగించును. కావున నడుమ నడుమ కేంద్రములు కావలెను. పడవ మునిగినచో యంత్రము మూగవోవును. అప్పుడు తుది సంకేతము వచ్చిన చోటే వెదకువారికి ఆధారము.

రెండవ ప్రశ్నకు ఈ యంత్రము ఉత్తరము చెప్పజాలదు. 2021వ సంవత్సరపు దేశాంతర్గత నౌకల చట్టము పడవల వివరములను దేశమంతటికి ఒక్కచోట నమోదుచేయ నేర్పరచినది. కాని నేడు ఈ పడవ నెక్కినవారెవరో రేవులోనే వ్రాయవలెను. పేర్లు, సంఖ్య, బయలుదేరిన వేళ, చేరవలసిన వేళ వ్రాసి, ఒక ప్రతిని ఒడ్డుననే యుంచి, అవతలి రేవుకు తెలుపవలెను. వేళ మించినయెడల వెంటనే వెదకుట కారంభింపవలెను. దీనికి ఒక పుస్తకమును, ఒక కలమును, కొంత శ్రద్ధయు చాలును.

తప్పిపోయిన యొక్క గొఱ్ఱెను వెదకబోయిన కాపరి కథ మన విద్యార్థులెల్లరు ఎఱుగుదురు. నూటిలో ఒకటి తక్కువయైనదని అతనికెట్లు తెలిసెను? లెక్కించెను గనుకనే గదా! కావున బాలబాలికలారా, పడవ నెక్కునపుడు రక్షణ చొక్కాను ధరింపుడు. మీ పేరు వ్రాసికొనుమని రేవువారినడుగుటకు సిగ్గుపడకుడు.