రాజు కోటపై దాడి.. అదును చూసి చేయాలి

నరసరావుపేట: చదరంగం నేర్చుకునే ప్రతి చిన్నారికీ ప్రత్యర్థి రాజును చుట్టుముట్టి ఆట కట్టించాలన్న ఉత్సాహం సహజం. అయితే సన్నాహం లేకుండా దాడికి దిగి, గెలవాల్సిన ఆటను చేజార్చుకోవడం పరిపాటిగా మారుతోంది. పిల్లలను పోటీలకు తీసుకెళ్లే తల్లిదండ్రులు సైతం ఈ దాడి మర్మం గ్రహిస్తే, ఓటమికి కారణం బోధపడుతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో అంతర్భాగం. ఆ గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గ్రాండ్‌మాస్టర్లుగా ఎదిగారు. 2024లో బుడాపెస్ట్‌లో జరిగిన చెస్ ఒలింపియాడ్‌లో స్వర్ణ పతకాలు గెలిచిన భారత జట్లలో ఇద్దరూ సభ్యులు. మన పిల్లలకు వారే ఆదర్శం.

కోట ఎక్కడ బలహీనం?

ఆట ఆరంభంలో రాజును క్యాస్లింగ్ ద్వారా ఒక పక్కకు చేర్చి, ముందున్న మూడు బంట్లను గోడగా నిలుపుతారు. నల్లపావుల రాజు జి-8 గడిలో ఉన్నప్పుడు హెచ్-7 బంటుకు ప్రధాన కాపలా ఎఫ్-6 గడిలోని గుర్రం. ఆ గుర్రాన్ని తరిమితే హెచ్-7ను రాజు ఒక్కడే కాచుకోవలసి వస్తుంది. దాడికి అదే తొలి ద్వారం.

మూడు షరతులు

మొదటిది, పలక మధ్యభాగం మూసుకుని ఉండాలి లేదా మన అదుపులో ఉండాలి. పార్శ్వ దాడికి మధ్యలో ఎదురుదెబ్బ తీయడమే సరైన విరుగుడు. రెండవది, కాపలా పావుల కంటే దాడి చేసే పావులు ఎక్కువ ఉండాలి. ఒంటరిగా వెళ్లిన మంత్రి వెనుదిరగక తప్పదు. మూడవది, ఏనుగు ప్రవేశించేందుకు ఒక నిలువు వరుస తెరుచుకోవాలి. ప్రత్యర్థి భయపడి హెచ్-6కు బంటును జరిపితే, మన జి బంటును జి-5 వరకు నడిపి ఆ గోడను బద్దలుకొట్టవచ్చు.

ఇద్దరి రాజులూ ఒకే పక్కన ఉంటే బంట్లను తోయడం ప్రమాదకరం. మన రాజు ముందు గోడ కూడా కూలుతుంది. అప్పుడు పావులతోనే దాడి చేయాలి. రాజులు చెరొక పక్కకు చేరితే బంట్ల దండయాత్ర నిర్భయంగా సాగించవచ్చు. అయితే అది పరుగుపందెం వంటిది. ఒక్క ఎత్తు వృథా అయినా ప్రత్యర్థే ముందు చేరతాడు.

శకటు బలిదానం

17వ శతాబ్దపు ఇటలీ ఆటగాడు గ్రెకో రాతల్లో కనిపించే ఎత్తుగడ నేటికీ పోటీల్లో ఫలిస్తోంది. డి-3లోని తెల్ల శకటు (కొందరు ఒంటె అంటారు) హెచ్-7 బంటును చంపి చెక్ చెబుతుంది. రాజు దాన్ని చంపగానే గుర్రం జి-5కు దూకి మళ్లీ చెక్ చెబుతుంది. రాజు జి-8కి తిరిగి వెళితే, మంత్రి హెచ్-5కు వచ్చి హెచ్-7లో ఆటకట్టుకు సిద్ధమవుతుంది.

ఎఫ్-6లో నల్ల గుర్రం ఉన్నా, ప్రత్యర్థి పావు ఏదైనా హెచ్-7ను సకాలంలో కాపాడగలిగినా ఈ బలి వ్యర్థమే. రాజు వెనుదిరగక జి-6కు ముందుకు వచ్చే అవకాశాన్ని సైతం ముందే లెక్కించాలి.

కాచుకునేదెలా?

రాజు ముందున్న బంట్లను అనవసరంగా కదపరాదు. ఎఫ్-6 గుర్రాన్ని నిలుపుకోవాలి. వీలైతే మంత్రులను మార్చుకోవాలి. మంత్రి లేని దాడి చాలావరకు చల్లబడుతుంది. మధ్యభాగంలో ఎదురుదాడికి అవకాశం వెతకాలి.

సేన పూర్తిగా కూడకముందే కయ్యానికి కాలు దువ్వితే ఫలితం ఏమిటో పల్నాటి వారికి వేరే చెప్పనవసరం లేదు. పిల్లలు ఓడి ఇంటికి వచ్చినప్పుడు మందలించే బదులు, రాసుకున్న ఎత్తుల కాగితం తెరిచి ఈ మూడు షరతుల్లో ఏది లోపించిందో వారితోనే వెతికించడం మేలు.