ఇల్లాండ్రు – ఛాయాచిత్రాభ్యాసము

మన యిండ్లలో పెద్దలెవరైన గతించినప్పుడు దండ వేయుటకు పటమేది యని వెదకుట పరిపాటి. పురుషులకైన నుద్యోగపు దరఖాస్తుకొఱకు తీయించుకొన్న బొమ్మ యొక్కటి దొరకును. స్త్రీల విషయమున నదియు నరుదు. ఏ పెండ్లిలోనో తీసిన గుంపు బొమ్మనుండి మొగము మాత్రము కత్తిరించి, పెద్దది చేయించి, ప్రక్కవారి భుజమును చెరిపించి గోడకు తగిలింతురు. ఆ మసకబొమ్మయే మనుమలకు నాయనమ్మ. ఇప్పుడింటింట సెల్‌ఫోనులో కెమెరా యున్నను ఈ కొఱత తీరలేదు. బొమ్మలు వేలకొలది పెరిగినవి. చూడదగినవి మాత్రము పెరుగలేదు.

హైదరాబాదు ప్రాంతమున స్త్రీల చిత్రములకు మంచి చరిత్రయే కలదు. 1892వ సంవత్సరమున రాజా దీనదయాళుగారు ఘోషా స్త్రీలకొఱకే యిచ్చట నొక ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దానిని కెన్నీ లెవిక్ అను నాంగ్లేయ వనితకు అప్పగించిరి. పరపురుషుల కంటబడని కులీన స్త్రీలు అచ్చట స్త్రీ సమక్షముననే నిర్భయముగా కూర్చుండగలిగిరి. ఆ దీనదయాళుగారును మొదటినుండి ఛాయాచిత్రకారులు కారు. 1844లో మీరట్టు చేరువ సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో పబ్లిక్ వర్క్సు శాఖయందు నకాసాలు గీయుచుండిరి. ముప్పది యేండ్ల వయస్సున, 1874 ప్రాంతమున కెమెరా చేపట్టిరి. ఉద్యోగములో నుండియే సాధన సాగింపగా, సుమారు పదేండ్లకు పిమ్మట ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి కొలువు లభించినది.

ఇంటిపనిలో మునిగియున్న సోదరీమణులకు మేము చెప్పదలచిన కథ వేఱొకటి. జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె 1815లో కలకత్తాలో పుట్టెను. పిల్లలను పెంచి, ఇంగ్లాండులో కాపురముండగా, 1863వ సంవత్సరాంతమున కూతురును అల్లుడును ఆమెకొక కెమెరాను బహూకరించిరి. అప్పటి కామెకు 48 ఏండ్లు. బొగ్గులకొట్టును చీకటిగదిగా మార్చి, కోళ్ళగూడును చిత్రశాలగా చేసికొనెను. గాజుపలకపై మందు పూసి, తడి యారకముందే బొమ్మ తీసి కడుగవలసిన కాలమది. మఱుసటి నెల, 1864 జనవరిలో, ఒక చిన్నపిల్ల బొమ్మ తీసి, అదియే తన మొదటి విజయమని వ్రాసికొనెను. నేడు లోకమామెను గొప్ప చిత్రకర్త్రులలో లెక్కించుచున్నది. మన దేశమున హోమాయీ వ్యారావాలాగారు పత్రికా ఛాయాచిత్రకర్త్రులలో మొదటివారై, 2011లో పద్మవిభూషణ బిరుదము పొందిరి. ఆమె తొలినాటి బొమ్మలు భర్త పేరుననే అచ్చయినవట! ఇట్టి విషయములు చదివినప్పుడు కోపము రాకుండునా?

ఇక అభ్యాసపు సంగతి. ఇంటరు చదువుటకై కందుకూరులో మా యింటనున్న మా ఆడబిడ్డ కూతురికి బొమ్మలు తీయుటయందు మోజు మెండు. దినమునకు నూఱేసి తీసెడిది. ఒక్కటియు మరల చూచెడిది కాదు. మా వారు బడిపంతులు గదా, కాపీ వ్రాయించు పద్ధతినే దీనికిని విధించిరి. నెలదినములు తులసికోటనొక్కదానినే తీయవలెను. దినమునకు పండ్రెండు బొమ్మలకు మించరాదు. వానిలో నొక్కటి నుంచి, వేళను పుస్తకములో వ్రాయవలెను. ఈ పండ్రెండు లెక్క ఊరక పెట్టినది కాదు. వ్యారావాలాగారు వాడిన రోలీఫ్లెక్సు కెమెరాలో చుట్టకు పండ్రెండు బొమ్మలే పడెడివి. మొదట పిల్ల విసిగెను. పదవనాటికి కోటను గాక వెలుతురును చూడసాగెను. ఉదయము ఏటవాలు ఎండలో కోట గార మీది గీతలన్నియు తేలుటయు, మిట్టమధ్యాహ్నము అదియే చదునైపోవుటయు తానే కనిపెట్టెను.

వంటింటివారికి ముందు తెలియవలసినది, నూనెచేతితో తాకిన అద్దము బొమ్మను పొగమంచు పట్టించును. మెత్తని నూలుబట్టతో తుడిచి మఱి తీయవలెను. మోచేతులు ప్రక్కలకానించి, ఊపిరి విడిచి నొక్కినచో అదురు తగ్గును. వెలుతురు తక్కువైనపుడు కెమెరా తెఱ యెక్కువసేపు తెఱచియుండును గనుక, నిలువని పసిపిల్లల బొమ్మ అలుకుకొనిపోవును. వారిని వసారాలోనికి తీసికొనివచ్చుట మేలు. తెల్లగోడముందు నిలిపిన చామనచాయవారి మొగము మఱింత నల్లబడును. కెమెరా గోడను చూచి వెలుతురు తగ్గించుటయే దీనికి కారణము. తెరపై మొగము మీద వ్రేలుంచి వెలుగును పెంచవలెను. మఱీ దగ్గఱకు పోయి తీసినచో ముక్కు పెద్దదగును. నాలుగైదడుగుల దూరము చాలును. మిట్టయెండలో కన్నులక్రింద నీడలు పడును. వాకిలి ప్రక్కన కూర్చుండబెట్టి, చీకటివైపున తెల్లని దుప్పటి పట్టినచో ముడుతలు సైతము మృదువుగా కన్పట్టును.

2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱచినది మొదలు ఈ ప్రాంతపు పిల్లలకు విమానముల బొమ్మలపై మక్కువ. తీయునది విమానము, దొరకునది చుక్క. నర్కుడలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయమునకును, కోనేటికిని సినిమావారి వలన పేరు వచ్చినది. అచ్చట మెట్ల నీడలు నేర్చుకొనువారికి మంచి పాఠము.

కాని మొగమును తీయుట వేఱు. పిల్ల ఫోను పట్టుకొని యెదుటికి పోగానే మా అత్తగారు కొంగు మొగమునకు అడ్డము పెట్టుకొని, “ఇప్పుడే దండ ఎయ్యాలనా బిడ్డా?” అనిరి. పిల్ల మాఱు పలుకక ఫోను దించి, ప్రక్కన కూర్చుండి చిక్కుడుకాయల యీనెలు తీయసాగెను. నాలుగు దినము లట్లే గడచినవి. ఐదవనాడు తన పుట్టినింటి బావి సంగతి చెప్పుచు ఆమె నవ్వినప్పుడు, తూర్పు వాకిటి వెలుతురులో బొమ్మ పడినది. భాగవతమున చిత్రరేఖ వ్రాసి చూపిన రూపములలో ఉష అనిరుద్ధుని గుర్తించెను. బొమ్మ కంతకంటె పరీక్ష యేమున్నది? మా అత్తగారా బొమ్మను చాలసేపు చూచి, “మా అమ్మ లెక్కనే ఉన్న” అనిరి. వారి తల్లిగారి బొమ్మ ఎచ్చటను లేదు.

ఫోను పగిలినను, పోయినను అందలి బొమ్మలన్నియు దానితోనే పోవును. కావున నెలకొక్కటి యైనను కాగితముపై అచ్చు వేయింపుడు. బొమ్మ వెనుక కలముతో గట్టిగా వ్రాసినచో ముందువైపు గీటు తేలును. పేరు, ఊరు, తేది చిన్న కాగితముపై వ్రాసి, చట్రము బిగించునపుడు లోపల నుంచవలెను. స్త్రీల బొమ్మలపై ఫలానావారి భార్య యని గాక, ఆమె పేరే వ్రాయింపుడు.