పది తోళ్లు తెచ్చివ్వు, మళ్లీ రేపు రా! ఆన్‌లైన్ గేముల్లో ఒకే పని ఎందుకు తిరిగి తిరిగి వస్తుంది?

ఊరి చివర ఒక మనిషి నిలబడి ఉంటాడు. తల మీద పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు మెరుస్తుంటుంది. దగ్గరికి వెళ్తే తన కష్టం చెప్పుకుంటాడు. అడవిలో తోడేళ్లు ఎక్కువైపోయాయట, పది తోళ్లు తెచ్చిస్తే డబ్బులూ పాయింట్లూ ఇస్తాడట. కష్టపడి తెచ్చిస్తే ఒక థాంక్స్ పడేసి, ఈసారి ఎలుగుబంటి తోళ్లు పన్నెండు కావాలంటాడు. సరే అని పక్క ఊరికి పోతే అక్కడా అదే బాపతు మనిషి. పేరొక్కటే వేరు.

ఈ పనినే క్వెస్ట్ అంటారు. వేలమంది ఒకే లోకంలో ఒకేసారి తిరుగుతూ ఆడే రోల్ ప్లేయింగ్ గేములు, అంటే ఎంఎంఓఆర్‌పీజీలు, ఇరవై ఏళ్లకు పైగా ఎక్కువగా దీని మీదే బతుకుతున్నాయి. ఆడేవాళ్లు బోర్ అని తిడుతూనే ఉంటారు, ఆడుతూనే ఉంటారు. తయారుచేసే కంపెనీలకు తెలివి లేక ఇలా జరగడం లేదు. అసలు కారణం లెక్క కుదరకపోవడం.

కాస్త వెనక్కి వెళ్తే 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే గేమ్ వచ్చింది. పేరులోనే క్వెస్ట్ ఉంది గానీ అందులో క్వెస్టులు దొరకబుచ్చుకోవడమే ఒక పరీక్ష. పాత్రల ముందు నిలబడి సరైన మాట టైప్ చేస్తే తప్ప వాళ్లు నోరు విప్పేవారు కాదు. అందుకే చాలామంది ఒక మూల స్థావరం వేసుకుని, చచ్చి మళ్లీ పుట్టే అవే రాక్షసుల్ని గంటల తరబడి చంపుతూ కూర్చునేవారు. దీనికి గేమర్లు పెట్టుకున్న పేరు గ్రైండింగ్. అంటే రుబ్బడమే. రోలు కదలదు, పొత్రం తిరుగుతూనే ఉంటుంది. అయినా జనం ఎంతగా అతుక్కుపోయారంటే, ఆ గేమ్‌కు మత్తుమందు పేరు కలిపి ఎవర్‌క్రాక్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

2004 నవంబర్‌లో బ్లిజార్డ్ కంపెనీ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తెచ్చింది. క్వెస్ట్ ఇచ్చేవాళ్ల నెత్తిన పసుపు గుర్తును ఇంటింటికీ తెలిసేలా చేసింది ఈ గేమే. కంపెనీ మొదటి ఆలోచన మాత్రం వేరు. ఆరంభ లెవెళ్లకు మాత్రమే క్వెస్టులు ఇచ్చి, చేయి పట్టి నడిపించి, తర్వాత ఆటగాళ్లను వాళ్ల దారిన వదిలేయాలనుకున్నారు. లోపల టెస్టింగ్ చేసినవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. క్వెస్టులు అయిపోయిన చోట ఆట పాడైపోయినట్టు అనిపించిందన్నారు. దాంతో చివరి లెవెల్ దాకా క్వెస్టులు రాసుకుంటూ పోవాల్సి వచ్చింది.

గమనిస్తే ఇక్కడ గ్రైండింగ్ ఎక్కడికీ పోలేదు. తోడేళ్లను చంపడం అలాగే ఉంది. ఎందుకు చంపాలో ఒక కారణం, ఎన్ని చంపితే చాలో ఒక అంకె, అయిపోయాక చేతికొచ్చే ఒక బహుమతి, ఈ మూడూ కొత్తగా చేరాయి. ఈ మందు బాగా పనిచేసింది. 2010 నాటికి ఆ గేమ్ చందాదారులు 1.2 కోట్లకు చేరారు. తర్వాత వచ్చిన గేములు చాలావరకు ఈ అచ్చులోనే పోతపోశాయి.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక మంచి క్వెస్ట్ తయారు కావాలంటే కథ రాయాలి, చోటు గీయాలి, శత్రువుల్ని పెట్టాలి, బహుమతి తూకం చూడాలి, తప్పులు దొరికేదాకా టెస్ట్ చేయాలి. రోజుల పని. దాన్ని ఆటగాడు పది నిమిషాల్లో ఖతం చేసి, ‘తర్వాతేంటి?’ అంటాడు. సినిమా అయితే మూడు గంటలు చూసి ఇంటికి పోతారు, నిర్మాత పని అక్కడితో అయిపోతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి గేమ్‌కు అమెరికాలో నెలకు సుమారు 15 డాలర్ల చందా. వచ్చే నెల కూడా ఆ చందా రావాలంటే ఆటగాడికి ఏదో ఒక పని ఉండాలి. వండేది పదిమంది, తినేది లక్షలమంది అయితే పప్పులో నీళ్లు పోయక తప్పదు. గేముల్లో ఆ నీళ్ల పేరే పది తోళ్లు.

డబ్బు కుమ్మరిస్తే ఈ లెక్క మారుతుందా అంటే, దానికి స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్ సాక్ష్యం చెబుతుంది. బయోవేర్ 2011 డిసెంబర్‌లో విడుదల చేసిన ఆ గేమ్‌లో క్వెస్టులు ఇచ్చే పాత్రలన్నిటికీ నటులతో గొంతు ఇప్పించారు. రెండు లక్షలకు పైగా డైలాగులు రికార్డు చేశారు. ఒక్కో వృత్తికి ఒక్కో పూర్తి కథ. నిజంగా జబర్దస్త్ పనే. కానీ జనం ఆ కథలు పూర్తి చేసుకుని, చేయడానికి ఇంకేం లేదంటూ చందా ఆపేశారు. ఏడాది తిరగకముందే, 2012 నవంబర్‌లో, దాన్ని ఉచితంగా ఆడుకునే గేమ్‌గా మార్చాల్సి వచ్చింది. పైగా అంత గొప్ప గొంతుల కింద పని మాత్రం చాలాచోట్ల పాతదే: అక్కడికి పో, ఇంతమందిని చంపు, తిరిగిరా.

పప్పులో నీళ్లు పోసే పద్ధతుల్లో అందరికీ ఒళ్లు మండేది డ్రాప్ రేట్. పది తోళ్లు అడిగితే పది తోడేళ్లను చంపితే చాలు కదా అనుకుంటాం. కాదు. చంపిన ప్రతి తోడేలు దగ్గరా తోలు దొరకదు (తోలు లేని తోడేలు ఎలా బతికిందో డిజైనర్లకే తెలియాలి). నాలుగింట ఒక అవకాశం అనుకుంటే పది తోళ్లకు సగటున నలభై తోడేళ్లు చావాలి. అది సగటు మాత్రమే. ఇదే లెక్కన మొదటి పది తోడేళ్లలో ఒక్క తోలూ రానివాళ్లు వందమందిలో ఐదారుగురు ఉంటారు. లక్షమంది ఆడే గేమ్‌లో ఆ ఐదారుగురు కాస్తా ఐదారు వేలమంది అవుతారు. ఆట తమ మీద పగబట్టిందని వాళ్లకు అనిపిస్తే తప్పేముంది? అందుకే కొన్ని గేముల్లో రానిసారల్లా అవకాశం కొంచెం పెంచుకుంటూ పోతారు. ఆటగాడికి ఆ సంగతి చెప్పరు.

మరి తిరిగి తిరిగి చేసే పని అంతా బేకారేనా? ఇక్కడే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని స్ట్రాంగిల్‌థార్న్ అనే అడవి గురించి చెప్పుకోవాలి. పాత గేమ్‌లో ఆ అడవి మొదట్లోనే ఒక వేటగాళ్ల శిబిరం ఉంటుంది. అక్కడ పులుల వేట పని ఇస్తారు. ముందు కుర్ర పులులు పది, తర్వాత ఎదిగినవి పది, ఆ తర్వాత ముసలివి పది, ఆఖరికి పేరున్న ఒకే ఒక్క పులి. చిరుతలకూ ఇదే వరస. కాగితం మీద చూస్తే ఇంతకంటే ఒకే మూసలో ఉండే పని ఇంకోటి ఉండదు. అయినా పాత ఆటగాళ్లు చాలామందికి ఆ వేట గుర్తుండిపోయింది. ఒక్కో మెట్టుకు జంతువు బలం పెరుగుతుంది, అడవిలో ఇంకాస్త లోపలికి పోవాలి, చివర ఎదురయ్యేది గుంపులో ఒకటి కాదు, దానికో పేరుంది.

అదే శిబిరంలో మరో మనిషి పోగొట్టుకున్న పుస్తకం కాగితాలు ఏరుకురమ్మంటాడు. మొత్తం పదిహేను కాగితాలు, నాలుగు అధ్యాయాలు. అవి అడవి అంతా తిరిగే శత్రువుల దగ్గర, అదృష్టం ఉంటే, దొరుకుతాయి. ఏ కాగితం ఎవరి దగ్గర వస్తుందో తెలియదు. వచ్చిందే మళ్లీ వస్తుంది, కావాల్సింది రాదు. ఒక్కో రకం కాగితం సంచిలో ఒక్కో గడి ఆక్రమిస్తుంది, సంచేమో చిన్నది. ఈ క్వెస్ట్ తయారుచేసింది ఎవరో కాదు, ఆ గేమ్ ముఖ్య డిజైనర్లలో ఒకరైన జెఫ్ కప్లాన్. 2009లో గేమ్ డెవలపర్ల సదస్సులో మాట్లాడుతూ, తమ గేమ్‌లో అన్నిటికంటే చెత్త క్వెస్ట్ ఇదేనని ఆయనే ఒప్పుకున్నారు. ఒకే అడవి, ఒకే శిబిరం, చంపడమూ రెండింట్లో ఉన్నదే. మొదటిదాంట్లో ఆటగాడికి తను ఎక్కడున్నాడో, ఇంకెంత దూరమో తెలుసు. రెండోదాంట్లో ఏమీ తెలియదు.

ఆ ప్రసంగంలోనే మరో సంగతి బయటపడింది. వాళ్ల గేమ్‌లో ఒక క్వెస్ట్ వివరణ 511 అక్షరాలు దాటడానికి వీల్లేదు. సాంకేతికంగా పెట్టిన ఆ హద్దు కప్లాన్‌కు నచ్చింది కూడా. జనం ఆడటానికి వచ్చారు, చదవడానికి కాదు, కథ ఆటలోంచే తెలియాలి అన్నది ఆయన వాదన. ఒకేచోట ఇరవై పసుపు గుర్తులు కనబడితే ఆటగాడు ఏదీ చదవకుండా అన్నీ నొక్కేసుకుని పోతాడని, తన దారి మీద అదుపు వచ్చినట్టు అతనికి అనిపించినా ఆట నాణ్యత మీద డిజైనర్‌కు అదుపు పోతుందని చెప్పారు. నిజమే. కారణం చదవకుండా చేస్తే ఏ క్వెస్టైనా కూలి పనిలాగే ఉంటుంది.

తిరిగి చేయడం తప్పు కాదనడానికి గేముల దాకా పోనక్కర్లేదు. గల్లీలో క్యారమ్స్ బోర్డు మీద రోజూ అవే 19 కాయిన్లు, అవే నాలుగు రంధ్రాలు. ఎవరికీ బోర్ కొట్టదు. ఎదురుగా మనిషి మారతాడు, చేతి వాటం మెరుగుపడుతుంది. వార్‌క్రాఫ్ట్ తొలి రోజుల్లో నలభైమంది కూడి మోల్టెన్ కోర్ అనే గుహలో అవే రాక్షసుల మీదికి వారం వారం నెలల తరబడి పోయేవారు. మిగతా ముప్పై తొమ్మిదిమంది లేకుండా ఆ పని చేయమంటే ఎంతమంది చేసేవారు?

అసలు చిక్కు 2007లో మొదలైందని చెప్పాలి. ఆ ఏడాది వార్‌క్రాఫ్ట్‌లో డైలీ క్వెస్టులు వచ్చాయి. ఇవాళ చేసిన పనే రేపు మళ్లీ కొత్తగా తెరుచుకుంటుంది. అంతకుముందు గ్రైండింగ్ ఎంత విసుగైనా ఆటగాడికి ఫుర్సత్ ఉన్నప్పుడు చేసుకునే పని. డైలీ వచ్చాక గడియారం ఆట చేతికి పోయింది. ఇవాళ రాకపోతే ఇవాళ్టిది పోయినట్టే. మొదట్లో రోజుకు పదే చేయాలని పరిమితి ఉండేది, తర్వాత ఇరవై ఐదు చేశారు, 2012లో ఆ హద్దు కూడా ఎత్తేశారు. కావాల్సిన బహుమతుల కోసం రోజూ లైన్లో నిలబడ్డట్టు ఉందని అప్పుడు ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు. ఆట కాస్తా హాజరు పట్టీ అయిపోయింది.

ఈ డైలీ అలవాటు ఇప్పుడు మన ఇళ్లలో ఫోన్లలో ఉంది. మన పిల్లలు ఎంఎంఓఆర్‌పీజీలు ఆడేది తక్కువ. బీజీఎంఐ లాంటివి తుపాకీ గేములు. కానీ వాటిలోని రోజువారీ మిషన్లు, వారం మిషన్లు, గడువులోపు నింపాల్సిన పాస్‌లు ఈ కోవలోవే. ‘ఫోన్ పెట్టేయ్ బేటా’ అని అమ్మ అంటే ‘ఒక్క మిషన్ అమ్మీ, రాత్రికి పోతుంది’ అని పిల్లాడు అనేది అబద్ధం కాదు, నిజంగానే పోతుంది. వాడి మొండితనంలో కొంత భాగం డిజైనర్ కూర్చుని రాసిందే. ఇది తెలియక ఇంట్లో అరుపులు మాత్రం పిల్లాడి మీదే పడతాయి. మిషన్ ఏ టైంకు మారుతుందో, ఎంతసేపు పడుతుందో వాడినే అడిగి, ముందే గంట కొట్టినట్టు టైం కట్టడం మధ్యలో ఫోన్ లాక్కోవడం కంటే పనికొస్తుంది. చైనా ప్రభుత్వం 2021లో 18 ఏళ్లలోపు వాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకే ఆన్‌లైన్ గేములని హద్దు గీసింది. అది ఇంకో దారి.

వేరేగా ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2లో ఎవరి తల మీదా పని కోసం చూడక్కర్లేదు. ఊరి మీద దాడి జరుగుతుంటుంది, దారిన పోయేవాళ్లు చేయి కలుపుతారు, ఓడిపోతే ఊరు శత్రువు చేతికి పోతుంది. బాగుంది గానీ, కాసేపటికి ఆ దాడే మళ్లీ మొదలవుతుంది. రెండోసారి చూసిన ఆటగాడికి గుట్టు తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌కు చెందిన రూన్‌స్కేప్ (2001) ఇంకా నిజాయితీగా ఉంది. చెట్లు కొట్టడం, చేపలు పట్టడం లాంటి రుబ్బుడు పనిని రుబ్బుడుగానే ఉంచింది. క్వెస్టులు మాత్రం తక్కువ, ఒక్కొక్కటి చేత్తో చెక్కిన కథ, పొడుపుకథ. అందులో ‘వన్ స్మాల్ ఫేవర్’ అనే క్వెస్ట్ ఈ జాతి మొత్తం మీద వేసిన జోకు. ఒక చిన్న సాయం చేయమంటాడొకడు. ఆ సాయానికి ఇంకొకడి సాయం కావాలి, వాడికి మరొకడిది. అలా లోకమంతా తిప్పి తిప్పి పరేషాన్ చేసి చివరికి మొదటివాడి దగ్గరికే తెస్తారు.

కృత్రిమ మేధతో అంతులేని క్వెస్టులు పుట్టిస్తామని ఇప్పుడు వింటున్నాం. అంతులేని క్వెస్టులు కొత్తేం కాదు. ఒక్కరే ఆడే స్కైరిమ్ అనే గేమ్ 2011లోనే ఆ పని చేసింది. ఏ గుహ, ఏ శత్రువు అన్నది కంప్యూటరే ఎంచి ఇస్తుంది. కొన్ని చేశాక అన్నీ ఒకేలా కనిపించాయి. లోటు అంకెల్లో లేదన్నమాట.

జపాన్ గేమ్ ఫైనల్ ఫాంటసీ 14 అయితే తిరుగు దారి పట్టింది. కొత్తవాళ్లు మొదటి కథలోని సాగతీత పనులకే విసిగి మానేస్తున్నారని 2020లో వాటిలో కొన్నిటిని తీసేసింది, కొన్నిటిని కుదించింది. ఆ గేమ్ నిర్మాత నవోకి యోషిదా ఇంకో అడుగు ముందుకేసి, రోజూ ఆడక్కర్లేదని, పని అయిపోతే చందా ఆపి వేరే గేములు ఆడుకుని కొత్త భాగం వచ్చినప్పుడు తిరిగి రమ్మని బాహాటంగానే చెప్పారు. చందా మీద బతికే కంపెనీ మనిషి ఇలా అనడం అరుదు. అయితే అదే గేమ్‌లో ఎవరైనా ముచ్చటపడి ఇల్లు కొనుక్కుంటే, 45 రోజులు ఆ గుమ్మం తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు.