స్మోక్ అలారం: వైరుదా, వైర్‌లెస్సా? ముందు ఇల్లు చూడాలి

ఇంటికి స్మోక్ అలారం పెట్టించాలని అనుకోగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. కరెంటు వైరుతో నడిచే హార్డ్‌వైర్డ్ మంచిదా, బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ మంచిదా? రేటు చూసి కొనేసేవాళ్లే ఎక్కువ. కానీ ఇల్లు కొత్తదా పాతదా, సొంతదా అద్దెదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

2025 మే 18న హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ పక్కనే ఉన్న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక భవనంలో పొద్దున్నే మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురం. 17 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. చాలామంది ప్రాణం తీసింది పొగే. పైకి వెళ్లడానికి ఒకటే ఇరుకు మెట్ల దారి ఉన్న ఇళ్లు పాతబస్తీలోనే కాదు, గుంటూరులో, కర్నూలులో, నిజామాబాద్‌లో ఎన్నో కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో బయటపడటానికి దొరికే సమయం నిమిషాల్లోనే ఉంటుంది.

పొగ వాసనకు ఎలాగూ మెలకువ వస్తుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. రాదు. గాఢ నిద్రలో ముక్కు వాసనను పట్టుకోదు. పైగా పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని ఇంకా మత్తులోకి నెడుతుంది. చెవి మాత్రం నిద్రలోనూ పనిచేస్తుంది. అలారం మోత మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ ఉండాలని పెట్టింది అందుకే.

అయితే ఒక్క అలారం సరిపోదు. కింద హాల్లో మోగితే పై అంతస్తులో తలుపు వేసుకుని, ఏసీ పెట్టుకుని పడుకున్నవాళ్లకు వినపడదు. అందుకే ఇంట్లోని అలారాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. ఒకటి పొగను పట్టగానే అన్నీ మోగాలి. దీన్నే ఇంటర్‌లింక్ అంటారు. స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి నుంచి ప్రతి ఇంట్లో ఇలా కలిపిన అలారాలే ఉండాలని చట్టం తెచ్చారు. ఆ చట్టం కరెంటుతో నడిచేవాటినీ ఒప్పుకుంటుంది, ఏళ్ల తరబడి నడిచే సీల్డ్ బ్యాటరీ ఉన్నవాటినీ ఒప్పుకుంటుంది. కలవాలన్నది మాత్రం తప్పనిసరి. కొనేవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన మాట అదే.

ఇప్పుడు హార్డ్‌వైర్డ్ సంగతి. ఇది ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు పోతే ఆదుకోవడానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అలారాలను కలపడానికి ఇంకో వైరు వేస్తారు. ఒకసారి సరిగ్గా బిగిస్తే సిగ్నల్ అందడం లేదన్న గొడవే ఉండదు. చిక్కంతా బిగించడంలోనే ఉంది. ఇల్లు కడుతున్నప్పుడే స్లాబ్‌లో, గోడల్లో పైపులు వేయించుకుంటే ఖర్చు పెద్దగా తెలియదు. కాపురం ఉంటున్న ఇంట్లో గోడలు చెక్కి, మళ్లీ సిమెంటు పూసి, రంగులు వేయించాలంటే అలారాల ధర కన్నా ఆ పని ఖర్చే ఎక్కువైపోతుంది. అద్దె ఇంట్లో అయితే ఓనరు ఒప్పుకోవడమే కష్టం. ఎలక్ట్రీషియన్‌తో ఒక మాట చెప్పి ఉంచాలి: రోజూ వాడే లైట్ల లైన్ మీదే వీటినీ ఇవ్వమని. ఎంసీబీ పడిపోతే లైట్లు వెలగవు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. విడిగా ఇచ్చిన లైన్ పడిపోతే ఎవరూ గమనించకపోవచ్చు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే హార్డ్‌వైర్డ్ అలారాలతో మాత్రం జాగ్రత్త. అవి 120 వోల్టులవి. మన 230 వోల్టుల లైనుకు కలపకూడదు. కరెంటు అవసరం లేని, పూర్తిగా బ్యాటరీతో నడిచేవైతే వాడుకోవచ్చు.

ఇప్పటికే కట్టేసిన ఇంటికి, అద్దె ఫ్లాటుకు వైర్‌లెస్సే దారి. రెండు స్క్రూలతో సీలింగుకు బిగించేయొచ్చు. ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చు. వీటిలో పదేళ్లు నడిచే సీల్డ్ లిథియం బ్యాటరీ ఉన్నవి మేలు. మామూలు బ్యాటరీ వేసేవైతే, టీవీ రిమోట్‌కు కావాలనో, పిల్లాడి బొమ్మకు కావాలనో ఎవరో ఒకరు తీసేస్తారు.

వైర్‌లెస్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. కొన్ని రేడియో సిగ్నల్‌తో నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. కావాల్సింది ఇవి. చవకగా దొరికే వైఫై అలారాల్లో చాలావరకు ఫోనుకు మెసేజ్ పంపుతాయి గానీ పక్క గదిలోని అలారాన్ని మోగించవు. కరెంటు పోయి రౌటర్ ఆగితే ఆ మెసేజ్ కూడా రాదు. ఆఫీసులో ఉన్నప్పుడు ఫోనుకు కబురు రావడం బాగానే ఉంటుంది, అర్ధరాత్రి దాదీని, పిల్లల్ని లేపేది మాత్రం ఇంట్లోని మోతే. మందపాటి రాతి గోడలున్న పాత ఇళ్లలో రేడియో సిగ్నల్ కూడా తడబడుతుంది. బిగించాక ఒకదాని టెస్ట్ బటన్ నొక్కి, తలుపులన్నీ మూసి, మిగతావి మోగుతున్నాయో లేదో ప్రతి గదిలో వినాలి. సాధారణంగా వేర్వేరు కంపెనీలవి ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్న కుటుంబాలకు ఇది కొత్తేం కాదు. యూఏఈలో విల్లాలకు హస్సన్‌తుక్ పేరుతో వైర్‌లెస్ డిటెక్టర్లు పెట్టించడాన్ని ప్రభుత్వమే తప్పనిసరి చేసింది.

ఏ రకమైనా లోపల సెన్సర్ ఫోటోఎలక్ట్రిక్‌దై ఉండాలి. పరుపు, సోఫా, వైరు తొడుగు నెమ్మదిగా రాజుకుని పొగ కక్కేటప్పుడు ఇది త్వరగా పడుతుంది. పడకగదుల్లో, వాటి బయట, హాల్లో, ప్రతి అంతస్తు మెట్ల దగ్గర ఒకటి ఉండాలి. పెట్టేది సీలింగు మీదే, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట. వంటింట్లో పెడితే సెహ్రీకి పరాఠాలు కాల్చినప్పుడల్లా ఇల్లంతా మోగుతుంది, నాలుగో రోజుకు ఎవరో దాన్ని పీకేస్తారు. అక్కడ వేడికి మాత్రమే మోగే హీట్ అలారం పెట్టాలి, స్మోక్ అలారం పొయ్యికి మూడు మీటర్లు ఎడంగా ఉండాలి. లోబాన్, ఊద్ పొగ వేసే గదిలోనూ ఇదే తంటా. ధూపదానిని అలారం కిందే పెట్టకుండా కిటికీ తెరిచి అటువైపు పెడితే సరిపోతుంది. అలారం మీద ప్లాస్టిక్ కవరు చుట్టే అలవాటు మాత్రం వద్దే వద్దు, తర్వాత తీయడం ఎవరికీ గుర్తుండదు.

గ్యాస్ లీకును స్మోక్ అలారం పట్టదు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. దాని డిటెక్టర్ వేరే, దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి.

నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. దుమ్ము పట్టిన అలారం ఊరికే మోగుతుంది, అప్పుడప్పుడు మెత్తటి బ్రష్‌తో తుడవాలి. ఏ రకమైనా పదేళ్లకు మార్చేయాలి, తయారైన తేదీ వెనకవైపు ఉంటుంది. నిమిషానికోసారి 'కిచ్' మని చిన్నగా కూస్తుంటే చాలావరకు బ్యాటరీ అయిపోతోందనే అర్థం. వైరుతో నడిచేదైనా సరే, బ్యాటరీ మార్చేదాకా అది కూస్తూనే ఉంటుంది.