రేకుల గదికి కిటికీ పెడుతున్నారా? ముందు లింటల్ సంగతి చూడండి

పెరట్లోనో డాబా మీదో ఒక చిన్న రేకుల గది వేసుకోవడం మన బస్తీల్లో మామూలే. పాత సామాన్లు పెట్టడానికని మొదలుపెడతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అందులోకి కుట్టు మిషన్ వస్తుంది, పరీక్షలప్పుడు పిల్లల చదువూ అక్కడికే మారుతుంది. చుట్టాలొస్తే పడక కూడా అందులోనే. అందుకే సామాన్ల గదే కదా అని కిటికీ దగ్గర కక్కుర్తి పడకూడదు. ఈ గదుల గోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాల మందమే ఉంటాయి. అందులో కిటికీ ఖాళీ సరిగా కట్టకపోతే ఇటుకలు కింద ఉన్నవాళ్ల మీదే పడతాయి.

బరువు ఎటు పోతుంది?

కిటికీ పైన ఉన్న గోడకు కింద ఆధారం ఉండదు. ఆ బరువును రెండు పక్కల గోడల్లోకి దించేదే లింటల్. కొందరు ఖర్చు తగ్గుతుందని లింటల్ మానేసి చెక్క పలకో, షాబాద్ బండో అడ్డంగా వేస్తారు. ఇంకొందరు చౌకట్టు మీదే ఇటుకలు పేరుస్తారు. చెక్కకు చెద పడుతుంది. బండ పైనుంచి నొక్కే బరువును తట్టుకుంటుంది గానీ వంగడాన్ని తట్టుకోలేదు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఇక చౌకట్టు ఉన్నది కిటికీ తలుపులు మోయడానికి, గోడను మోయడానికి కాదు.

లింటల్ ఎలా ఉండాలి?

కిటికీ 4 అడుగుల వెడల్పైతే లింటల్ 5 అడుగులు ఉండాలి. అంటే రెండు వైపులా కనీసం 6 అంగుళాలు గోడ మీద కూర్చోవాలి. రెండు మూడు అంగుళాలు ఆనిస్తే చాలనుకోవడమే పెద్ద పొరపాటు, ఆ అంచు దగ్గరే ఇటుక నలుగుతుంది. మందం 6 అంగుళాలు, వెడల్పు గోడంత. ఇలాంటి చిన్న లింటల్‌కు కింద రెండు 10 ఎం.ఎం. రాడ్లు, పైన రెండు 8 ఎం.ఎం. రాడ్లు, 6 అంగుళాలకొక రింగు వేస్తారు. బరువు పడితే లింటల్ కింది వైపే సాగుతుంది, అందుకే లావు రాడ్లు కిందే ఉండాలి. కాంక్రీట్‌కు ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర.

లింటల్‌ను నేల మీదే పోసి తర్వాత ఎత్తి పెట్టుకోవచ్చు. అప్పుడు పై వైపున ఒక గుర్తు గీయాలి. ఎత్తేటప్పుడు తిరగబడితే లావు రాడ్లు పైకి పోతాయి, పెట్టిన ఇనుము దండగ. కనీసం పది రోజులు, ఎండాకాలమైతే రెండు వారాలు తడపాలి. దాదాపు 65 కిలోల బరువుంటుంది కాబట్టి ఒక్కరే ఎత్తకూడదు.

ఎక్కడ పెట్టాలి?

గది మూల నుంచి కనీసం రెండడుగులు వదిలి కిటికీ పెట్టాలి. మూల దగ్గర గోడ సన్నబడితే గది పట్టు పోతుంది. రేకులు మోసే ఇనుప పైపు కిటికీ నడిమధ్యన ఆనకుండా, పక్కనున్న గట్టి గోడ మీద ఆనేలా చూడాలి.

10 అడుగులు, 12 అడుగుల గదికి 4 అడుగుల చదరపు కిటికీ ఒకటి సరిపోతుంది. కానీ రేకుల వేడి బయటికి పోవాలంటే ఎదురు గోడలో పైన చిన్న వెంటిలేటర్ కూడా ఉండాలి. పొరుగింటి వాకిలి వైపు కిటికీ వస్తుంటే నేల నుంచి ఐదడుగుల ఎత్తున పెడితే సరి. గాలి, వెలుతురు వస్తాయి, ఎవరి పరదాకూ ఇబ్బంది ఉండదు.

చౌకట్టు, వాన నీళ్లు

చౌకట్టు నిలబెట్టాక ఒక మూల నుంచి ఎదురు మూలకు దారం పట్టి కొలవాలి. రెండు కొలతలూ సమానంగా వస్తేనే అది చతురస్రం, లేకపోతే తలుపులు పట్టేస్తాయి. ఒక్కో పక్క మూడు ఇనుప పట్టీలతో గోడలోకి బిగించాలి. కింది గట్టు బయటికి వాలుగా ఉంటే వాన నీరు లోపలికి రాదు. పైన చిన్న ఛజ్జా ఉంటే ఇంకా మంచిది.

ఇప్పటికే కట్టేసిన గదుల్లో కూడా ఒకసారి చూసుకోవాలి. కిటికీ పై మూలల నుంచి మెట్లు మెట్లుగా పగుళ్లు వచ్చినా, తలుపులు కొత్తగా పట్టేస్తున్నా పైబరువు కిందికి దిగుతోందని అనుమానించాలి. పగులు మీద సిమెంట్ పూసి రంగు వేస్తే కనపడదు గానీ ప్రమాదం అలాగే ఉంటుంది. ఆ గోడ పక్కన పడుకోవడం ఆపి, వానలు మొదలవ్వకముందే అనుభవమున్న మేస్త్రీని పిలిచి, పైగోడకు పోటీలు పెట్టించి, లింటల్ వేయించుకోవాలి.