వెనక చక్రం దగ్గర నూనె మరక: ఎందుకు? ఎలా?

జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో దేవరుప్పుల దగ్గర పాత అంబాసిడర్ కనబడితే, వెనక చక్రం లోపలివైపు చూడండి. నల్లగా జిడ్డు పట్టి ఉంటే యాక్సిల్ (ఇరుసు) సీలును అనుమానించాలి. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నవన్నీ పాతబడ్డవే మరి.

ఎందుకు కారుతుంది? వెనక ఇరుసు గొట్టంలో గేర్లు చిక్కటి నూనెలో తిరుగుతాయి. అది చక్రం దాకా రాకుండా ఆపేది సీలు రబ్బరు అంచు. ఏళ్లు గడిచేకొద్దీ వేడికి అది గట్టిపడి పగులుతుంది. ఒక్కోసారి తప్పు సీలుది కాదు. గొట్టం మీద గాలి పోయే చిన్న రంధ్రం దుమ్ముతో పూడితే, లోపల వేడెక్కిన గాలే నూనెను బయటికి నెడుతుంది. సీలు మార్చి ఈ రంధ్రాన్ని వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఎలా బాగుచేస్తారు? ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలుపుతారు. బ్రేకు డ్రమ్ము, ఇరుసు ఊడదీసి పాత సీలు పీకుతారు. కొత్తదాని అంచు నూనె వైపే ఉండాలి, తిరగేస్తే మళ్లీ కారుడే. వంకర పోకుండా చుట్టూ సమంగా తట్టి కూర్చోబెడతారు. నూనెలో నానిన బ్రేకు లైనర్లను తుడిస్తే సరిపోదు, మార్చాల్సిందే. లేదంటే బ్రేకు పట్టదు.

జాకీ ఒక్కదాని మీదే నిలిచిన కారు కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి.